మోగిన వైపుకే

జ్యేష్ఠ శుద్ధ పంచమి

బల్ల పుస్తకంలో ఎడమ పేజీ దారి కచేరీ వాళ్ళది. హెల్మెట్ ఎవరిది, లోపల ఏం బిగించాను, చప్పట్లు సరిపోయాయా లేదా, కింద నా ముద్ర. కుడి పేజీ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అది నాది. ఇరవై రెండేళ్ళుగా నా గొణుగుడంతా అక్కడే గొణుక్కుంటున్నాను. చదివేవాళ్ళు లేరు కాబట్టి బతికిపోయాను.

ఈ రోజు మూడు హెల్మెట్లు. మొదటి రెండిటికీ ఉప్పు తినేసిన తీగలు మార్చి, కంపు కొడుతున్న చెంపదిళ్ళు ఉతికి ఆరేశాను. మూడోది బమ్మిడి గవరమ్మది. నౌపడ గట్టు మీద పద్నాలుగేళ్ళుగా మందుల పెట్టెలు మోస్తున్న మనిషి. గట్టుకు రెండు పక్కలా ఉప్పుమడులు, పైన ఎప్పటికీ కదలని ఉప్పుమంచు. చాచిన చెయ్యి చాచినవాడికే కనబడదు. అంచుల్లో పాతిన స్తంభాలు పంపే మోత హెల్మెట్‌లో విని బండి తోలాలి. కుడి అంచుకు దగ్గరైతే కుడి చెవిలో మోత పెరుగుతుంది, బండి ఎడమకు తిప్పుకోవాలి. ఎడమ చెవి మోగితే కుడికి. విద్యంతా అదే, మోతకు ఎదురు తిప్పడం.

స్పీకరు చెవిని నొక్కేస్తోందట, గంటసేపు తోలేసరికి చెవి తిమ్మిరెక్కిపోతోందట. ఊరికే చెప్పి ఊరుకుంటే బాగుండేది. "నీ సేతిపని ముందులాగ లేదన్నియ్యా" అని కూడా అంది. నాకు ఒళ్ళు మండింది. పాత సెట్టు పీకి పారేసి కొత్తది బిగించాను. స్పీకరు లోపలికి పోవాలని కొందరు థర్మకోలు పొర గీకేస్తారు. తలను కాపాడేది ఆ పొరే, నేను దాని మీద బ్లేడు పెట్టను. చెవి వెనక స్పాంజిని సన్నగా చెక్కి చోటు చేశాను. తోటి బండివాళ్ళతో మాట్లాడే గడ్డం మైకు తీగ దోపడానికి వెలుతురు చాలక కిటికీ వైపు తిప్పుకుని కూర్చోవాల్సి వచ్చింది.

పెరట్లో గుంజకు బిగించిన పాత హ్యాండిల్ ఉంది. బిగింపు అయ్యాక మనిషి హెల్మెట్ పెట్టుకుని అది పట్టుకోవాలి. నేను ఒక పక్క నిలబడి చప్పట్లు కొడితే తను రెండో పక్కకు తిప్పాలి. మూసిన హెల్మెట్‌లోకి బయటి చప్పుడు రెండు పక్కల మైకుల గుండా తప్ప రాదు కాబట్టి తప్పేమైనా ఉంటే అక్కడే తేలిపోతుంది. గవరమ్మ అలవాటు కొద్దీ హ్యాండిల్ దగ్గరికి నడిచింది. "సప్పట్లు కొట్టవేటి?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళ చేతికి చప్పట్లు అక్కర్లేదని, అవి కొత్తవాళ్ళకని చెప్పాను. ఆమె నవ్వి, చెవి ఇప్పుడు హాయిగా ఉందని చెప్పి వెళ్ళిపోయింది.

ఎడమ పేజీలో "చప్పట్లు సరి" అని రాసి ముద్ర కొట్టాను.

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

గవరమ్మ నిన్న మధ్యాహ్నం ఏడో స్తంభం దగ్గర గట్టు దాటి మడిలో పడింది. కుడి కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఉప్పునీళ్ళలో బండి కింద గంటన్నర ఉంది. వెనక వచ్చిన బండివాడికి హెల్మెట్‌లో ఆమె మూలుగు వినబడింది కాబట్టి దొరికింది.

ఆమె చెప్పింది ఒక్కటే. ఎడమ చెవి మోగింది, కుడికి తిప్పాను అని. స్తంభాల్లో నమోదైనది వేరు. బండి అప్పటికే కుడి అంచున ఉంది.

కచేరీ నుంచి హెల్మెట్ పరీక్షకు పంపారు. నౌపడలో బిగించేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా దగ్గరికే వచ్చింది. దొంగ చేతికే తాళమిచ్చినట్టయింది. నాకైతే అప్పటికి ఇంకా దొంగనని తెలియదు. ఏ అనుమానమూ లేకుండానే తల్లకిందులు చేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

హెల్మెట్ ఒళ్ళో తల్లకిందులుగా ఉన్నప్పుడు గడ్డం వైపు మన పొట్టకు ఆనాలి. అప్పుడే హెల్మెట్ ఎడమ మన ఎడమ చేతికి వస్తుంది. గడ్డం అటు తిరిగితే ఎడమ కుడి అవుతుంది. మా పనిలో అడుగుపెట్టిన మొదటి రోజే నేర్పే మాట ఇది. గడ్డం పొట్టవైపు. నిన్న మైకు తీగ కోసం గడ్డాన్ని కిటికీ వైపు తిప్పుకున్నాను. తీగ దోపాక తిరిగి పొట్టకు తిప్పుకోలేదు. అలాగే స్పీకర్లు అతికించేశాను.

పెరట్లోకి వెళ్ళి ఆ హెల్మెట్ పెట్టుకుని నా ఎడమ పక్కన నేనే చిటికె వేశాను. కుడి చెవిలో వినబడింది. ఇంకోసారి వేశాను, మళ్ళీ కుడి చెవిలోనే.

అప్పుడు నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తాను. వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను. రెండు స్పీకర్లూ ఊడదీసి వాటి చోట్లలో పెట్టి చెంపదిళ్ళు మూసేశాను. పావుగంట కూడా పట్టలేదు. ఎడమ పేజీలో "హెల్మెట్‌లో లోపం లేదు" అని రాసి ముద్ర కొట్టాను. ముద్ర ఎప్పటిలాగే గీతకు సరిగ్గా పడింది. అందుకే నాకు నా మీద ఎక్కువ అసహ్యం వేసింది.

జ్యేష్ఠ బహుళ తదియ

దారి కచేరీ పరీక్షాధికారి పట్నాయక్ గారు తీర్పు చెప్పారు. హెల్మెట్ సరిగా ఉంది, స్తంభాలు సరిగా ఉన్నాయి, కాబట్టి గవరమ్మ చెవి మళ్ళింది. ఏళ్ళ తరబడి ఆ మోత విన్నవాళ్ళలో ఒకరిద్దరికి వస్తుంది ఆ జబ్బు. ఇంట్లో ఉండగా బాగానే వింటారు, మంచు మధ్యలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎడమ మోత కుడిలాగా, కుడి మోత ఎడమలాగా అనిపిస్తుంది. గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేస్తే బయటపడదు. అందుకే ఎవరూ అనుమానించలేదు. నా అబద్ధానికి సరిగ్గా కొలిచి కుట్టించినట్టు కుదిరింది ఆ జబ్బు.

ఆమె దారిబిళ్ళ తీసేసుకున్నారు. బిళ్ళ లేనిదే గట్టు ఎక్కనివ్వరు. శ్రావణంలో ఒక్క మరుపరీక్ష ఇస్తారు. అందులో పోతే ఇక జన్మలో లేదు.

చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళాను, ఆ మాట కూడా రాసేస్తున్నాను. గవరమ్మ మంచం మీద కట్టుకట్టిన కాలు చాపుకుని ఉంది. మొగుడు దాలినాయుడు ఉప్పుమడుల్లో పనిచేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. నన్ను చూసి పీట వేశాడు. హెల్మెట్‌లో ఏదైనా తేడా ఉందేమోనని తను మొదట అనుకుందట. ఆ మాట నాతో చెప్పడానికి ఆమె సిగ్గుపడింది. "నువ్వు అబద్దం రాయవు కదన్నియ్యా. బాగుందని నువ్వు రాసినావంటే నా సెవే పోనాది" అంది.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. తల ఊపాను. దాలినాయుడు ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

చెవి మళ్ళినవాళ్ళకు ఒకే ఒక్క వైద్యం. చెవిని మార్చలేరు కాబట్టి చేతిని మార్చుకోవాలి. అందరూ మోతకు ఎదురు తిప్పితే వీళ్ళు మోగిన వైపుకే తిప్పడం నేర్చుకోవాలి. ఆలోచించి తిప్పితే లాభం లేదు, గట్టు మీద ఆలోచనకు తీరుబడి ఉండదు. నిద్రలో లేపి అడిగినా చెయ్యి అటే పోవాలి.

గవరమ్మ అదే చేస్తోంది. మంచం పట్టెకు పాత హ్యాండిల్ కట్టించుకుంది. కళ్ళకు తువ్వాలు. దాలినాయుడు మడుల పని మానేసి పొద్దుటి నుంచి చప్పట్లు కొడుతున్నాడు. ఎడమన కొడితే ఆమె ఎడమకు తిప్పుతుంది, కుడిన కొడితే కుడికి. మొదట్లో చెయ్యి ఎదురు పోయేదట. ఎదురు పోయిన ప్రతిసారీ తన ముంజేతిని తనే గిల్లుకునేదట. ముంజేయి నల్లగా కమిలిపోయి ఉంది, నా ఎదుటే ఒకసారి గిల్లుకుంది. ఇప్పుడు రోజుకు రెండు మూడుసార్లు తప్ప తప్పు రావడం లేదని దాలినాయుడు నాతో సంబరంగా చెప్పాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఈ రోజు చాలాసేపు మాట్లాడాడు.

పద్నాలుగేళ్ళు ఆ గట్టు మీద ఒక్కసారి కూడా పొరబడని చెవి అది. నా మాట నమ్మి దాన్ని తన చేతులతో తనే చంపుకుంటోంది. ఇప్పుడు చెప్పెయ్, ఇంకా పూర్తిగా చెడలేదు అని మనసులో అనుకున్నాను. నోరు తెరిచి మాత్రం, నిన్ను కచేరీలో ఇంత పట్టుదల ఎందుకని అడిగారట కదా అన్నాను. "గట్టు ఎక్కకపోతే నాను ఉన్నట్టే కాదు" అంది గవరమ్మ, తువ్వాలు కళ్ళ మీద నుంచి తియ్యకుండానే. నేను తెచ్చిన పనసతొనలు అరుగు మీద పెట్టి లేచాను. వీధి చివరిదాకా చప్పట్లు వినబడుతూనే ఉన్నాయి.

రేపు చెబుతాననుకున్నాను. కుడి పేజీలు వెనక్కి తిప్పి చూస్తే ఆ మాట తొమ్మిదిసార్లు రాసి కొట్టేసి ఉంది.

శ్రావణ శుద్ధ పంచమి

మరుపరీక్షకు ఇంకా అయిదు రోజులు. గవరమ్మ కుంటుకుంటూ వచ్చి హెల్మెట్ నా బల్ల మీద పెట్టింది. ఉప్పునీళ్ళలో నానిన సెట్టు తీసేసి కొత్తది బిగించమంది. మడిలో పడ్డప్పుడు పెంకు మీద పడిన గీతను వేలితో తుడుస్తూ నిలబడింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరిగా బిగిస్తే కుడి అంచుకు రాగానే కుడి చెవి మోగుతుంది, నేర్చుకున్న చెయ్యి కుడికే తిప్పుతుంది, మనిషి మళ్ళీ మడిలోకి పోతుంది. ఈసారి వెనక బండి రాకపోవచ్చు. తప్పుగా బిగిస్తే మాత్రం కుడి అంచుకు వచ్చినప్పుడు ఎడమ చెవి మోగుతుంది, చెయ్యి ఎడమకు పోతుంది, బండి గట్టు మీదే ఉంటుంది. బిళ్ళ ఆమెకు వస్తుంది. నా సంగతి ఎవరికీ తెలియదు. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు అవుతుందని లెక్కల మేష్టారు చెప్పినట్టు గుర్తు. ఆయన హెల్మెట్ల గురించి చెప్పలేదు.

గడ్డాన్ని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. మొదటిసారి మరిచిపోయి చేసిన పని ఈసారి తెలిసి చేశాను. ఎంత జాగ్రత్తగా చేశానంటే, నా జన్మలో అంత బాగా ఏ హెల్మెట్టూ బిగించలేదు.

చప్పట్లు కొట్టాలని ఈసారి నేనే అన్నాను. మంచులో ఉన్నట్టే ఉండాలని అద్దానికి తువ్వాలు కట్టి ఎడమన కొట్టాను, ఆమె కుడికి తిప్పింది. కుడిన కొట్టాను, ఎడమకు తిప్పింది. ఇరవైసార్లూ సరి. ఆమె హెల్మెట్ తీసేసరికి కళ్ళ నిండా నీళ్ళు. ఏమీ కనబడనప్పుడు చెవి మళ్ళినా చెయ్యి సరిగా పోయిందని, నెలన్నర కష్టం ఫలించిందని అనుకుంది పాపం. విరిగిన కాలు వంగకపోతే గుంజ పట్టుకుని వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. "నీ రుణం తీర్సుకోలేనన్నియ్యా" అంది.

ఎడమ పేజీలో "చప్పట్లు సరి". ఈసారి అది నిజం, దాని కంటే పెద్ద అబద్ధం ఈ పుస్తకంలో లేదు.

శ్రావణ శుద్ధ దశమి

పొద్దున్నే గట్టు మొదట్లో చేరాం. పరీక్షకు బిగించినవాడు కూడా బల్ల పుస్తకంతో రావాలని నియమం. పట్నాయక్ గారు, గవరమ్మ, దాలినాయుడు, నేను. ముందు మంచు తెల్లగా గోడ కట్టినట్టు ఉంది. గవరమ్మ బండి మీద కూర్చుని హ్యాండిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి చూసుకుంటోంది.

పట్నాయక్ గారు తన సంచిలోంచి ఇంకో హెల్మెట్ తీశారు. మరుపరీక్ష కచేరీ హెల్మెట్‌తోనే జరగాలట, కొత్త నియమం. ఎవరి హెల్మెట్ వాళ్ళే తెచ్చుకుంటే తర్వాత గొడవలొస్తున్నాయట. గవరమ్మ ఏ అభ్యంతరమూ చెప్పకుండా నేను బిగించిన హెల్మెట్ తీసి మొగుడి చేతికిచ్చి అది పెట్టుకుంది. పట్టీ బిగించుకుని బండి కదిపింది.

నేను వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను. నా మంచితనం వల్ల కాదు, నిజం చెప్పాలన్న పట్టుదల వల్లా కాదు. ఆమె ఇంకో రెండు నిమిషాల్లో చచ్చిపోతుందని తెలిసి పట్టుకున్నాను. పట్నాయక్ గారు ఆ రెండో హెల్మెట్ తియ్యకపోతే నోరు విప్పేవాణ్ణి కాదు. ఇది ఎవరు చదివినా ఈ మాట మాత్రం మరిచిపోకూడదు.

ఆమె చెవి మళ్ళలేదని చెప్పాను. మొదటిసారి స్పీకర్లు తారుమారుగా పెట్టింది నేనని, చప్పట్లు కొట్టకుండానే కొట్టినట్టు రాశానని, తర్వాత మార్చేసి లోపం లేదని రాశానని, ఈసారి కావాలనే తారుమారు చేశానని, అన్నీ వరసగా చెప్పాను. బల్ల పుస్తకం తీసి కుడి పేజీలు పట్నాయక్ గారికి చూపించాను.

ఆయన నిలబడే చదివారు. చదివాక ఒక్కటే అడిగారు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"పడిన మర్నాటి నుంచి."

గవరమ్మ హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా నిలబడేవాణ్ణి. దాలినాయుడు నా వైపు చూడలేదు. రెండు అరచేతులూ తెరిచి వాటినే చూసుకుంటున్నాడు. చప్పట్లు కొట్టీ కొట్టీ కాయలు కాచాయి.

"నాను గిల్లుకున్నది నువ్వు సూసినావు" అంది గవరమ్మ చివరికి. "కూకోని సూసినావు." అంతే, బండి తిప్పుకుని నడిపించుకుంటూ ఊరివైపు వెళ్ళిపోయింది.

పట్నాయక్ గారు నా ముద్ర తీసుకున్నారు. పుస్తకం మాత్రం తిరిగి ఇచ్చేశారు, విచారణ దాకా మిగతాది కూడా రాయమన్నారు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు.

శ్రావణ శుద్ధ ద్వాదశి

పొద్దున గవరమ్మ, దాలినాయుడు వచ్చారు. ఆమెకు బిళ్ళ తిరిగి ఇచ్చారట. ఇచ్చి ఏం లాభం, చెయ్యి ఇంకా మోగిన వైపుకే పోతోంది. నెలన్నర ఎక్కించిన అలవాటు ఒక్క మాటతో దిగదు. దించాలంటే గట్టు మీదే దించాలి. తప్పు తిప్పినప్పుడల్లా వెనక ఎవరైనా ఉండి ఆపాలి. దాలినాయుడు వెనక కూర్చుంటానన్నాడట, ఆమె ఒప్పుకోలేదు. "పాడుసేసినోడే కూకోవాల" అంది. నా వైపు చూసి చెప్పలేదు, గుంజ వైపు చూసి చెప్పింది.

రెండు హెల్మెట్లు ఆమె ఎదుటే బిగించాను. గడ్డం పొట్టకు ఆనించి పట్టుకున్నానా లేదా అని ప్రతి అడుగులోనూ చూసింది. చప్పట్లు దాలినాయుడు కొట్టాడు, నన్ను కొట్టనివ్వలేదు. ఇరవై రెండేళ్ళుగా గట్టు మీదికి హెల్మెట్లు పంపాను గానీ నేను ఎప్పుడూ గట్టు ఎక్కలేదు. వెనక కూర్చుని ఆమె రెండు భుజాల మీద చేతులు వేశాను. కుడికి తిప్పాలంటే కుడి భుజం నొక్కాలి, ఎడమకు తిప్పాలంటే ఎడమ. నేను పొరబడితే ఇద్దరం పోతాం.

ఆరో స్తంభం దాకా ఆమె పళ్ళు బిగబట్టి సరిగానే తోలింది. ఏడో స్తంభం దగ్గర మలుపు. నా ఎడమ చెవిలో మోత పెరగడం మొదలైంది. ఆమెకూ అదే వినబడుతోంది. బండి ఎడమకు వాలింది. కుడి భుజం గట్టిగా నొక్కాను. తిప్పలేదు, బ్రేకు వేసి ఆపేసింది. అంతా తెలుపు. హెల్మెట్‌లో ఆమె ఊపిరి నా చెవి పక్కనే ఉన్నట్టు వినబడుతోంది.

"నా సెయ్యి ఒకటి సెప్తంది, నీ సెయ్యి ఒకటి సెప్తంది" అంది. "నీ సెయ్యి నానెలాగ నమ్మాల?"

ఆమె భుజాల మీద నుంచి చేతులు తీసేశాను.

ఆమె స్టాండు వేసి దిగింది. కుంటికాలు ముందుకు చాపి, ఎడమ వైపుకు నేలను తడుముకుంటూ ఒక అడుగు, రెండో అడుగు వేసింది. మూడో అడుగుకు కాలి కింద గట్టు లేదు. రాయి ఒకటి జారి నీళ్ళలో పడిన చప్పుడు ఇద్దరి చెవుల్లోనూ వినబడింది. వెనక్కి వచ్చి, విరిగిన కాలిని చేత్తో ఎత్తి బండి మీద వేసుకుని ఎక్కింది. కుడికి తిప్పింది.

పదకొండో స్తంభం దాకా అలాగే వెళ్ళాం. నేను భుజం నొక్కిన ప్రతిసారీ ఆమె బండి ఆపి, దిగి, నేను చెప్పింది నిజమో కాదో ఆ కాలితో చూసుకుని, మళ్ళీ ఎక్కింది. దిగినప్పుడల్లా నొప్పికి ఆమె ఊపిరి పట్టుకోవడం నాకు హెల్మెట్‌లో వినబడేది. ఈ రోజు పన్నెండుసార్లు దిగింది.